బిల్డర్‌కి అక్రెడిటేషన్ ఉందంటున్నాడు, నమ్మొచ్చా? ఆ కాగితం వెనక ఏం చూడాలి

మీ ప్రశ్న తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలని ఒకసారి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతా. సొంత ఇల్లు కట్టించుకుందాం అనుకుంటున్నారు, ముగ్గురు బిల్డర్లు కొటేషన్ ఇచ్చారు, అందులో ఒకాయన లెటర్‌హెడ్ మీద అక్రెడిటెడ్ బిల్డర్ అని వేసుకున్నాడు, ఏదో సంఘం ఇచ్చిన సర్టిఫికెట్ కూడా చూపించాడు, రేటు మాత్రం మిగతా ఇద్దరికంటే ఎక్కువ చెప్తున్నాడు. ఆ సర్టిఫికెట్ చూసి ఆ తేడా డబ్బు పెట్టొచ్చా అని అడిగారు.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ సైట్లు తనిఖీ చేస్తున్నా, అందులో ఆరేళ్ళు బిల్డర్లని పరిశీలించి ప్యానెల్‌లోకి, అంటే ఆమోదించిన బిల్డర్ల లిస్టులోకి, తీసుకోవాలా వద్దా అని తేల్చే కమిటీలో ఉన్నా. అందుకే ఈ సర్టిఫికెట్లు ఇచ్చేవైపు నుంచి కూడా నాకు తెలుసు, ఏ సంతకం ఎంత చూసి పెడతారో, ఎంత చూడకుండా పెడతారో రెండూ చూశా.

సూటిగా చెప్పాలంటే ఆ కాగితం విలువ దాని మీద రాసినదాంట్లో లేదండి. ఆయన కట్టిన ఇళ్ళు ఎవరైనా స్వయంగా వెళ్ళి చూశారా, చూస్తే ఒక్కసారి చూసి వదిలేశారా లేక చూస్తూనే ఉన్నారా, అన్నిటికంటే ముఖ్యంగా రేపు ఆయన కంపెనీ మూతపడితే మీ ఇంటి రిపేరుకి ఎవరి జేబులోంచి డబ్బు వస్తుంది, ఇవి తెలిస్తేనే దానికో విలువ. మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ ఎంత బాగున్నా మీకు సగం రక్షణే.

ముందు మాటల గందరగోళం తీసేద్దాం. మెంబర్‌షిప్ అంటే ఫీజు కట్టి సంఘంలో చేరాడు, అంతే. రిజిస్ట్రేషన్ అంటే ఏదో ఒక ప్రభుత్వ రికార్డులో పేరు ఎక్కింది. లైసెన్స్ అంటే అది లేకుండా ఆ పని చేయడం చట్టప్రకారం తప్పు, ఇచ్చినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోగలరు. అక్రెడిటేషన్ అంటే బయటివాళ్ళ పరీక్షకి తనంతట తాను ఒప్పుకుని పాసయ్యాడని అర్థం రావాలి, కానీ చాలాచోట్ల ఆ మాటని ఎవరు వాడుకోవాలి ఎవరు వాడకూడదు అని చూసే దిక్కే లేదు కాబట్టి ఎవరుపడితే వాళ్ళు వాడేస్తున్నారు. వారంటీ మళ్ళీ వేరే సంగతి, అది బిల్డర్ గురించి కాదు, మీ ఇంటి గురించి. బ్రోచర్‌లో మాత్రం ఇవన్నీ కలిపి ఒకే సీలు కింద పెడతారు, చదివేవాళ్ళు కూడా అన్నీ ఒకటే అనుకుంటారు.

భారతదేశంలో రెరా విషయంలో కూడా జనం ఇలాగే పొరబడుతుంటారు. ఇళ్ళూ ఫ్లాట్లూ కట్టి అమ్మే ప్రాజెక్టుల కోసం తెచ్చిన 2016 చట్టం అది, మంచి చట్టం, కొన్నవాళ్ళ దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి అకౌంట్‌లో ఉంచాలి, అప్పగించాక 5 ఏళ్ళలోపు స్ట్రక్చర్‌లో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచేయాలి. కానీ అక్కడ రిజిస్టర్ అయ్యేది ప్రాజెక్టు. రెరా నంబర్ ఉందంటే ఈ బిల్డర్ పని బాగుంటుందని ఎవరో వచ్చి చూసి ఒప్పుకున్నట్టు కాదు. పైగా మీలాగా సొంత స్థలంలో కాంట్రాక్టర్‌తో కట్టించుకునే ఇల్లు ఆ చట్టం కిందకే రాదు, అది అమ్మకానికి కట్టేవాటి కోసం పెట్టింది. రెరా ఉందిగా అని ధైర్యంగా సంతకం పెట్టి తర్వాత తల పట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

ఈ వ్యవస్థలు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఏ సర్టిఫికెట్‌లో దమ్ముందో మీకే తెలిసిపోతుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అని ఒక రాష్ట్రం, సముద్రం పక్కన, వానలు బాగా పడేచోటు. 1980ల చివర్నుంచి 90లలో అక్కడ చెక్క ఫ్రేముతో బోలెడు అపార్ట్‌మెంట్లు కట్టారు. బయటి గోడని ప్లాస్టర్‌తో బిగించి మూసేశారు, చూరులు కూడా సరిగ్గా పెట్టలేదు, ఎక్కడో చిన్న సందులోంచి లోపలికెళ్ళిన నీళ్ళకి మళ్ళీ బయటికొచ్చే దారి లేక గోడ లోపలి చెక్క మొత్తం కుళ్ళిపోయింది. బయటికి మాత్రం ఇల్లు కొత్తగా మెరుస్తూ ఉండేది. జనం బిల్డర్ కోసం వెతికితే కంపెనీయే లేదు, ఎందుకంటే చాలామంది ఒక్కో బిల్డింగ్‌కి ఒక్కో కంపెనీ పెట్టి పని అవగానే మూసేసేవాళ్ళు. పోనీ వారంటీ ఉందిగా అంటే, బిల్డర్లే కలిసి నడుపుకుంటున్న వారంటీ సంస్థ క్లెయిములు మోయలేక 1999లో కూలిపోయింది. 1998లో మాజీ ముఖ్యమంత్రి డేవ్ బారెట్‌తో విచారణ కమిషన్ వేసి, అదే ఏడాది ఇంటి యజమానుల రక్షణ చట్టం తెచ్చారు. 1999 జులై నుంచి లైసెన్స్ లేకుండా ఇల్లు కట్టి అమ్మడానికి లేదు, బయటి ఇన్సూరెన్స్ కంపెనీ వారంటీ లేకుండా మొదలుపెట్టడానికే లేదు. దాన్ని 2-5-10 అంటారు, పనితనానికీ సామానుకీ 2 ఏళ్ళు, నీళ్ళు లోపలికి రాకుండా ఆపే బయటి గోడలు, పైకప్పులకి 5 ఏళ్ళు, స్ట్రక్చర్‌కి 10 ఏళ్ళు.

ఇందులో ఇన్సూరెన్స్ కంపెనీ పాత్ర గమనించండి. ఈ బిల్డర్ చెడగొడితే తన డబ్బు పోతుంది కాబట్టి కవర్ ఇచ్చేముందు ఆయన లెక్కలూ పాత పనులూ అన్నీ తవ్వి చూస్తుంది. సంఘం చూసే చూపు వేరు, జేబు కాలేవాడు చూసే చూపు వేరు. నేను కమిటీలో కూర్చున్న ఆరేళ్ళూ మనసులో ఇదే బాధ ఉండేది, మేము తప్పు మనిషికి సర్టిఫికెట్ ఇచ్చినా మాకు ఒక్క రూపాయి కూడా పోదు, ఇల్లు కట్టించుకున్నవాళ్ళ జీవితకాలం సంపాదన పోతుంది.

జపాన్‌లో 2005లో ఒక ఆర్కిటెక్ట్ భూకంపాన్ని తట్టుకునే లెక్కల్ని తప్పుడుగా రాసినట్టు బయటపడింది. అప్పటికే అక్కడ కొత్త ఇంటి స్ట్రక్చర్‌కి 10 ఏళ్ళ బాధ్యత అని 2000 నుంచి చట్టం ఉంది. చట్టం ఉంది, బాధ్యుడు ఉన్నాడు, కానీ ఆ ఫ్లాట్లు అమ్మిన కంపెనీ దివాలా తీసింది, ఇక ఎవర్ని అడగాలి? అప్పుడు ఇంకో చట్టం తెచ్చి, 2009 అక్టోబర్ నుంచి అప్పగించే ప్రతి కొత్త ఇంటికీ కట్టినవాళ్ళు, అమ్మినవాళ్ళు ముందే డిపాజిట్ పెట్టడమో ఇన్సూరెన్స్ తీసుకోవడమో తప్పనిసరి చేశారు. ఫ్రాన్స్‌వాళ్ళు ఈ పని 1978లోనే చేశారు. కట్టినవాడికి పదేళ్ళ బాధ్యత అనేది అక్కడ 1804 సివిల్ కోడ్ నాటి మాట, 1978 చట్టం దానికి ఇన్సూరెన్స్ జత చేసింది. బిల్డర్ తన ఇన్సూరెన్స్ కాగితం పని మొదలుపెట్టకముందే చూపించాలి, ఇల్లు కట్టించుకునేవాళ్ళు కూడా ఇంకో పాలసీ తీసుకోవాలి, ఆ రెండో పాలసీ గొప్పతనం ఏంటంటే తప్పు ఎవరిదో కోర్టులో తేలేదాకా ఆగకుండా ముందు రిపేరుకి డబ్బిచ్చేసి తర్వాత వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు. పైకప్పు కారుతున్న ఇంట్లో ఉండేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

ఇప్పుడు అసలు పరిశీలన ఎలా జరగాలి అనేది. మా కమిటీకి ఒకసారి ఒక అప్లికేషన్ వచ్చింది, ఫైలు ఇటుకంత మందం, ఆడిట్ లెక్కలు, రంగుల ఫోటోలు, మూడు ఇళ్ళవాళ్ళ మెచ్చుకోలు ఉత్తరాలు, వంక పెట్టడానికి లేదు. ఆ మూడు ఇళ్ళూ అప్పగించి ఆరేడు నెలలే అయింది. ఆరు నెలల ఇల్లు ఎవరిదైనా బాగానే ఉంటుంది కదా. గత అయిదేళ్ళలో మీరు కట్టిన ఇళ్ళన్నిటి లిస్టు ఇవ్వండి, ఏది చూడాలో మేమే ఎంచుకుంటాం అన్నా. కొంచెం నసిగాడు గానీ ఇచ్చాడు. అందులో నాలుగేళ్ళనాటి ఇల్లు ఒకటి ఎంచుకుని వెళ్ళా.

ఆ ఇంట్లో పెద్దావిడ ఒకరే ఉన్నారు. ఏమీ మాట్లాడకుండా పడగ్గదిలోకి తీసుకెళ్ళి, "ఆ చివర పట్టుకో బాబూ" అని బీరువా పక్కకి జరిపించారు. వెనక గోడ మీద నేల నుంచి నడుము ఎత్తు దాకా నల్లటి బూజు మచ్చ. వేలు పెట్టి నొక్కితే ప్లాస్టర్ పిండిలా రాలింది. గోడకి అటువైపు బాత్రూమ్. వాటర్‌ప్రూఫింగ్ నేల వరకే చేసి గోడ మీదకి ఎక్కించకుండా టైల్స్ వేసేశారు, నాలుగేళ్ళు నీళ్ళు ఆ మూలలోంచి గోడలోకి దిగుతూనే ఉన్నాయి. ఆవిడ ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించారు, బిల్డర్‌కి ఫోన్ చేసిన తేదీలు వరసగా రాసి పెట్టుకున్నారు, మొత్తం పదకొండు. రెండుసార్లు మనిషిని పంపాడట, రెండుసార్లూ ఆ మచ్చ మీద రంగు వేసి వెళ్ళిపోయారు.

ఆ అప్లికేషన్ ఆపేశాం, ఎందుకు ఆపామో రాతపూర్వకంగా ఇచ్చాం. ఆయనకి కోపమొచ్చింది, చాలా మాటలన్నాడు. కానీ తర్వాత ఆ బాత్రూమ్ మొత్తం తవ్వి మళ్ళీ చేయించాడు, అదే పద్ధతిలో కట్టిన ఇంకో నాలుగు ఇళ్ళకి కూడా తనే వెళ్ళి బాగుచేశాడు, రెండేళ్ళకి మళ్ళీ అప్లై చేశాడు. ఈసారి ఆయనకి మొదట ఓటేసింది నేనే. ఒక్క లోపం కూడా లేకుండా కట్టిన బిల్డర్‌ని ఇన్నేళ్ళలో నేను చూడలేదండి, చెప్పాక ఏం చేస్తాడనేదే నేను చూసేది. అందుకే ఫిర్యాదుల రిజిస్టర్ లేని అక్రెడిటేషన్ని నేను లెక్కలోకే తీసుకోను. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని రోజుల్లో మూసేశారు, ఎంతమందిని ప్యానెల్ నుంచి తీసేశారు అని అడగండి. ఇన్నేళ్ళలో ఒక్కరినీ తీసేయలేదు అని గర్వంగా చెప్పే సంస్థ అయితే అక్కడ పరిశీలన జరగట్లేదని అర్థం.

డబ్బు లెక్కలు చూడటం కూడా చాలా అవసరం. చేతిలో డబ్బు ఆడని బిల్డర్ మీ అడ్వాన్స్ తీసుకెళ్ళి ఇంకొకరి స్లాబ్ వేస్తాడు, మీ స్లాబ్ వేయడానికి ఇంకో కొత్త కస్టమర్ రావాలి, ఎక్కడో ఒకచోట గొలుసు తెగుతుంది, ఎవరి వంతు దగ్గర తెగితే వాళ్ళ ఇల్లు పిల్లర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆడిట్ రిపోర్ట్‌లో ఇది ఏడాది ఆలస్యంగా కనపడుతుంది. నేనైతే సిమెంట్, స్టీల్ సప్లై చేసేవాళ్ళకి ఫోన్ చేసేవాణ్ణి, బాకీలు టైమ్‌కి కడుతున్నాడా అని ఒక్కటే అడిగేవాణ్ణి, వాళ్ళ గొంతులోనే జవాబు తెలిసిపోయేది. ఏడాదికి నాలుగిళ్ళు కట్టేవాడు ఒక్కసారిగా పదిహేను ఒప్పుకున్నా నాకు భయమే, మంచి మేస్త్రీలూ సూపర్‌వైజర్లూ రాత్రికి రాత్రి నాలుగింతలు అవ్వరు కదా.

ఇంకోటి, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉంది, కంపెనీదా మనిషిదా. న్యూజిలాండ్‌లో కూడా కారే ఇళ్ళ గొడవ పెద్దదే జరిగింది, దాని తర్వాత వాళ్ళు లైసెన్స్‌ని కంపెనీకి కాకుండా పని చేసే మనిషికే పెట్టారు, 2012 మార్చి నుంచి ఇంటి స్ట్రక్చర్‌కీ నీళ్ళు ఆపే భాగాలకీ సంబంధించిన పని లైసెన్స్ ఉన్న మనిషే చేయాలి లేదా దగ్గరుండి చేయించాలి, చేసిన పనికి తన పేరుతో కాగితం ఇవ్వాలి. కంపెనీ పేరు మార్చొచ్చు, మనిషి పేరు మార్చడం అంత తేలిక కాదు. అలాగని మనిషి లైసెన్స్ ఒక్కటే చాలదు, డబ్బు బాధ్యత కంపెనీ మీదే ఉంటుంది కాబట్టి రెండూ కావాలి. మీ బిల్డర్ విషయంలో ఆ కంపెనీ డైరెక్టర్లు ఇంతకుముందు ఏ కంపెనీలు నడిపారు, అవి ఏమయ్యాయి అని తప్పకుండా వెతకండి, కంపెనీల రికార్డులు చాలా దేశాల్లో ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. మూడేళ్ళకోసారి కొత్త పేరు కనపడితే ఆగి ఆలోచించండి.

సిడ్నీలో 2018 డిసెంబర్ 24న ఓపల్ టవర్ అనే అపార్ట్‌మెంట్‌లో పగుళ్ళొచ్చి క్రిస్మస్ ముందురోజు జనాన్ని ఖాళీ చేయించారు, ఆరు నెలల్లో మాస్కాట్ టవర్స్‌లో కూడా అదే పరిస్థితి. ఆ రెండోదానికి అప్పటికే పదేళ్ళు దాటిపోయాయి, వారంటీ గడువు కూడా అయిపోయింది. ఆ తర్వాత ఆ రాష్ట్రంలో బిల్డింగ్ కమిషనర్‌ని పెట్టారు, 2020 చట్టంతో సీరియస్ లోపం కనపడితే జనం ఇంట్లోకి దిగడానికి ఇచ్చే సర్టిఫికెట్‌నే ఆపేసే అధికారం ఇచ్చారు. అది ఆగితే అమ్మకం ఆగుతుంది, డబ్బు ఆగుతుంది, అప్పుడు బిల్డర్ పరిగెత్తుకుంటూ వచ్చి బాగుచేస్తాడు. కంపెనీ వెనక ఉన్న మనుషుల చరిత్ర కూడా చూసి స్టార్ రేటింగ్ ఇచ్చే పద్ధతి కూడా అక్కడ మొదలైంది.

సైట్ తనిఖీ లేని అక్రెడిటేషన్ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నాళ్ళు మేము ఫోటోలు పంపిస్తే చాలు, సర్టిఫికెట్ రెన్యువల్ చేసేస్తాం అన్నాం, టైమ్ కలిసొస్తుందని. ఒకరోజు రెండు వేరే వేరే ఇళ్ళ స్లాబ్ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తుంటే రెండింట్లోనూ సెంట్రింగ్ రేకు మీద ఒకే సొట్ట, ఒకే మూలలో. ఒకే ఫోటో సెషన్‌ని రెండిళ్ళకి పంపారు. మర్నాడు చెప్పకుండా రెండో సైట్‌కి వెళ్ళా, కాంక్రీట్ లారీ దార్లో ఉంది, కడ్డీల కింద చెయ్యి పెడదామంటే వేలు కూడా దూరట్లేదు, కవర్ బ్లాకులు, అంటే కడ్డీల్ని రేకు నుంచి పైకి ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు, పెట్టకుండా కడ్డీలు నేరుగా రేకు మీదే పడుకోబెట్టారు. స్లాబ్‌లో కడ్డీ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ ఉండాలి, అది లేకపోతే తేమ తగిలి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కింద పెచ్చులు ఊడిపడతాయి, ఇది మొదటి ఏడాది కనపడదు, కొన్నేళ్ళకి పిల్లలు పడుకున్న మంచం మీద పడుతుంది. ఆ రోజు లారీని వెనక్కి పంపించా. ఫోటోలతో రెన్యువల్ చేసే పద్ధతి ఆ నెలలోనే ఎత్తేశాం.

అందుకే తనిఖీ ఎప్పుడు చేస్తారు అనేది అడగండి. ఇల్లు పూర్తయ్యాక వచ్చి చూస్తే ఏమీ కనపడదు, పనికొచ్చే చూపు మూసేయడానికి ముందు చూసేదే, అంటే పునాదిలో కాంక్రీట్ పోయకముందు, ప్రతి స్లాబ్ కడ్డీలు కట్టాక పోయకముందు, పైపులూ వైర్లూ వేశాక ప్లాస్టర్‌కి ముందు, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్‌కి ముందు. బ్రిటన్‌లో 1936 నుంచి ఉన్న ఎన్‌హెచ్‌బీసీ అనే సంస్థ కూడా ఇలాగే దశలవారీగా చూసి, తర్వాత 10 ఏళ్ళ వారంటీ ఇస్తుంది, అందులో మొదటి 2 ఏళ్ళు బిల్డర్ బాధ్యత, ఆ తర్వాత ఇన్సూరెన్స్.

మీరున్నచోట ఇలాంటి గట్టి వ్యవస్థ లేకపోతే ఆ పని మీరే చిన్న స్థాయిలో చేసుకోవాలి, వేరే దారి లేదు. బిల్డర్‌కి సంబంధం లేని ఇంజినీర్‌ని ఒకర్ని పెట్టుకుని ఆ నాలుగైదు దశల్లో వచ్చి చూసి సంతకం పెట్టేలా మాట్లాడుకోండి, ఆయన ఫీజు మీరే ఇవ్వండి, బిల్డర్‌తో ఇప్పించొద్దు. డబ్బు విడతలు తేదీలకి కాకుండా ఆ సంతకాలకి ముడిపెట్టండి, సంతకం లేకపోతే విడత లేదు అని అగ్రిమెంట్‌లో రాయించండి. చివరి 5 శాతం అప్పగించాక కనీసం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. బాత్రూమ్‌లకి టైల్స్ వేసేముందు నీళ్ళు బయటికి పోయే పైపు మూసి రెండంగుళాలు నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, రెండు రోజులు వదిలి, కింద గదిలో సీలింగ్ చూడండి. ఆ పెద్దావిడ ఇంట్లో మూల తడిసేంత ఎత్తు నీళ్ళు పెట్టి ఇది చేసుంటే ఆ లోపం మొదటి రోజే దొరికేది.

ఇక మీ బిల్డర్ సంగతి. ఆ సర్టిఫికెట్ నంబర్ తీసుకుని, కాగితం మీద ఉన్న ఫోన్ నంబర్‌కి కాకుండా ఆ సంస్థ నంబర్ మీరే వెతికి పట్టుకుని ఫోన్ చేయండి, ఇంకా అమల్లో ఉందా, ఏ కంపెనీ పేరు మీద ఉంది, ఆఖరిసారి ఎవరు ఏ సైట్ చూశారు అని అడగండి. మీకు అగ్రిమెంట్ ఇచ్చే కంపెనీ పేరూ ఆ పేరూ అక్షరం అక్షరం కలవాలి. దాంతోపాటు మీ పేరు మీద, మీ ఇంటి అడ్రస్‌తో ఏదైనా ఇన్సూరెన్స్ వారంటీ వస్తుందా అని రాతలో అడగండి. వస్తుంది అంటే పాలసీలో ఏవి కవర్ కావో ఆ పేజీ ముందు చదివి, నచ్చితే ఆ ఎక్కువ రేటు పెట్టండి, నేనైతే పెడతా. రాదు, సంఘం పేరే గ్యారంటీ అంటే మాత్రం ఆ సర్టిఫికెట్‌ని పక్కన పెట్టేసి ముగ్గుర్నీ ఒకే లెక్కన చూడండి.

ముగ్గురినీ అయిదేళ్ళ లిస్టు అడగండి, ఇవ్వనివాళ్ళని అక్కడే వదిలేయండి. ఇచ్చినవాళ్ళ లిస్టులోంచి మూడు నాలుగేళ్ళ ఇల్లు మీరే ఎంచుకుని, గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్ళండి, బిల్డర్ మనిషిని వెంట తీసుకెళ్ళొద్దు. బాత్రూమ్‌కి ఆనుకున్న గోడ దగ్గర బీరువా ఉంటే, ఇంటివాళ్ళని అడిగి ఒకసారి జరిపి చూడండి.